కీ తిరుగుతోంది, టిక్ టిక్ అంటోంది, టైమ్ మాత్రం సెట్ అవ్వట్లేదు - పాత రైల్‌రోడ్ జేబు వాచీ, తెలిసినోళ్ళు చెప్పండి

కొలంబస్_కుర్రోడు | #1 | శనివారం రాత్రి

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ మూలన కూర్చుని చదువుకోవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, ఇవాళ తప్పేలా లేదు. మేముండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. మా ఆవిడ పాత కుర్చీ కావాలంటే పొద్దున ఒక పాత సామాన్ల మాల్‌కి వెళ్ళాం, కుర్చీ దొరకలేదు గానీ అద్దాల బీరువాలో ఒక ప్లాస్టిక్ కవర్లో రెండు జేబు వాచీలు కనపడ్డాయి, రెండూ కలిపి 140 డాలర్లు, విడివిడిగా ఇవ్వనన్నాడు. ఒకటి భలే ఉంది, వెనకాల ఆవిరి ఇంజను చెక్కి ఉంది, పొగ కూడా చెక్కారు, డయల్ మీద రైల్వే అని, కింద 21 జ్యువెల్స్ అని రాసుంది. దాని కోసమే కొన్నాను, అబద్ధం ఎందుకు.

రెండోది మాత్రం చూడ్డానికి ఏం లేదు. తెల్ల లోహం మూత, నిండా గీతలు, అద్దం పసుపెక్కింది, డయల్ మీద హామిల్టన్ అని ఉంది. నిమిషాలకి 1 నుంచి 60 దాకా అన్ని అంకెలూ వేసేశారు, చీమల బారులా ఉంది. కీ ఇస్తే టిక్ టిక్ అంటోంది గానీ టైమ్ మారుద్దామని కీ పైకి లాగితే రావట్లేదు, గట్టిగా లాగా, రాలేదు. ముళ్ళు కదలవు. పాడైందంటారా? కటింగ్ ప్లేయర్‌తో ఒకసారి పట్టి లాగి చూద్దామా అనుకుంటున్నా. ఫోటోలు పెట్టాను.

బెజవాడ_బండోడు | #2

ప్లేయర్ కింద పెట్టు తమ్ముడూ. ముందు ప్లేయర్ కింద పెట్టి తర్వాత మిగతాది చదువు.

టిక్‌టిక్_శాస్త్రి | #3

బండోడు చెప్పిందే ఇవాళ్టి మంత్రం. ప్లేయర్ వద్దు బాబూ, గోరు చాలు.

మీ వాచీ పాడవలేదు. కీ లాగితే టైమ్ మారకూడదనే దాన్ని అలా చేశారు. దీన్ని లివర్ సెట్ అంటారు. రైలు నడిపేవాడు జేబులోంచి తీస్తూ పెడుతూ ఉంటాడు కదా, అప్పుడు కీ పొరపాటున పైకి వచ్చి, తిరిగి, రెండు నిమిషాలు అటూ ఇటూ అయిందనుకోండి, అది ఆయనకి తెలీదు, ఎదురుగా ఒకే పట్టా మీద ఇంకో బండి వస్తుంటుంది. అందుకని టైమ్ మార్చాలంటే పని పెట్టుకుని మార్చాల్సిందే, చెయ్యి తగిలి మారిపోకూడదు.

ఇప్పుడు చెయ్యాల్సింది: శుభ్రమైన బల్ల మీద తెల్ల గుడ్డ పరవండి. అద్దం చుట్టూ ఉన్న రింగు మర ఉన్న రింగు, సీసా మూతలాగా ఎడమకి తిప్పితే ఊడుతుంది. రాకపోతే రబ్బరు గ్లవ్ వేసుకుని తిప్పండి. ఊడాక 1 కి 2 కి మధ్య డయల్ అంచున చిన్న ఉక్కు ముక్క కనపడుతుంది, దాన్ని గోటితో మెల్లగా బయటికి లాగండి, ఊడి చేతికి రాదు, కొంచెం జరిగి ఆగుతుంది. అప్పుడు కీ తిప్పితే ముళ్ళు కదులుతాయి. అయ్యాక ఆ ముక్కని లోపలికి తోసేసి రింగు బిగించండి. ముళ్ళని వేలితో మాత్రం తొయ్యొద్దు.

ఆ చీమల బారుకి ఒక పేరుంది, మాంట్‌గొమరీ డయల్ అంటారు. శాంటా ఫే రైల్‌రోడ్‌కి వాచీల ఇన్‌స్పెక్టర్‌గా చేసిన హెన్రీ మాంట్‌గొమరీ పేరు మీద వచ్చింది. 10.37 అని చదవడానికి లెక్కపెట్టే పని లేకుండా 37 అనే రాసుంటుంది. మీ ఫోటోలో సెకన్ల చిన్న చక్రం లోపల 6 అంకె కూడా ఉంది చూశారా, మాంట్‌గొమరీ డయల్ అంటే అది ఉండాలని పట్టుబట్టేవాళ్ళున్నారు. నాకు ఆ ఫోటో చూసి రాత్రి నిద్ర పట్టేలా లేదు.

కొలంబస్_కుర్రోడు | #4

కదిలాయి!!! మాస్టారూ కదిలాయి. గోరు విరిగింది గానీ ముళ్ళు కదిలాయి. మా ఆవిడని పిలిచి చూపించాను, కుర్చీ సంగతేంటి అంది.

స్ప్రింగు_సుజాత | #5

అభినందనలు. ఇక కీ ఇవ్వడం ఆపండి, నడపొద్దు. చివరిసారి నూనె ఎప్పుడు పడిందో తెలియని వాచీ, లోపల నూనె ఎండి జిగురై ఉంటుంది, దుమ్ముతో కలిసి ఆకురాయిలా అరగదీస్తుంది. టిక్ టిక్ అంటోంది కదా అని నెల రోజులు నడిపించి ఆనక నా దగ్గరికి తెచ్చినవాళ్ళని చూశాను (నేను బెంగళూరులో సరదాకి రిపేర్లు చేస్తాను, షాపు కాదు).

వెనక మూత కూడా ముందుదానిలాగే మర మూత అయి ఉండాలి, ఎడమకి తిప్పండి. చాకు పెట్టి తెరవొద్దు, చాకు జారిందంటే నేరుగా బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగుతూ వాచీని నడిపించే చక్రం) మీద పడుతుంది. తెరిచాక లోపలి మిషన్ మీద ఏం రాసుందో అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ టైప్ చెయ్యండి. రెండు వాచీలవీ. మూత మీద నంబరు వద్దు, మిషన్ మీద నంబరు కావాలి.

కొలంబస్_కుర్రోడు | #6 | ఆదివారం

అక్కా తెరిచాను. అమ్మో లోపల ఇంత అందంగా ఉంటుందనుకోలేదు, వెండి పలకల మీద పట్టుచీర జరీ అలల్లాగా చారలు చారలుగా ఉన్నాయి, మధ్యలో బంగారు రంగు చక్రం, ఎర్ర రాళ్ళు. రాసున్నది ఇదీ: హామిల్టన్ వాచ్ కంపెనీ, లాంకాస్టర్ పెన్సిల్వేనియా, 21 జ్యువెల్స్, అడ్జస్టెడ్ 5 పొజిషన్స్, 992, తర్వాత ఏడంకెల నంబరు (అందరికీ కనపడేలా పూర్తిగా ఎందుకులే అని పెట్టట్లేదు, ఒకటితో మొదలవుతుంది).

ఇంజను వాచీ కూడా తెరిచాను, ఫోటో పెట్టాను, అందులో కంపెనీ పేరే లేదు, 21 జ్యువెల్స్ అని మాత్రం పెద్దగా ఉంది.

టిక్‌టిక్_శాస్త్రి | #7

నేననుకున్నదే. 992. కూర్చోండి చెబుతాను, కాస్త పెద్దదే, కాఫీ తెచ్చుకోండి.

అమెరికా జేబు వాచీలు గుర్తుపట్టడంలో మొదటి సంగతి ఏంటంటే మూత మాట నమ్మకూడదు. ఆ రోజుల్లో మిషన్ ఒక కంపెనీ చేసేది, మూత, అంటే బయటి కేసు, ఇంకో కంపెనీ చేసేది. హామిల్టన్, వాల్తమ్, ఎల్జిన్, ఇలినాయ్ లాంటివాళ్ళు మిషన్లు. కీస్టోన్, డ్యూబర్, వాడ్స్‌వర్త్, క్రెసెంట్ లాంటివాళ్ళు మూతలు. కొనేవాడు షాపుకెళ్ళి మిషన్ ఒకటి ఎంచుకుని, జేబులో డబ్బుని బట్టి మూత ఎంచుకుంటే షాపువాడు రెంటినీ కలిపి బిగించి ఇచ్చేవాడు. అన్నీ కొలతల ప్రకారం ఉండేవి కాబట్టి ఎవరిది ఎవరికైనా పట్టేది. 16 సైజు మిషన్ అంటే 1.7 అంగుళాలు, 18 సైజు అంటే సుమారు 1.77. సున్నా సైజు 35/30 అంగుళం, సైజు పెరిగినప్పుడల్లా అంగుళంలో ముప్పయ్యో వంతు కలుపుకుంటూ పోవడమే. కాబట్టి మూత మీద ఇంజను ఉంటే, ఆ మూత ఎంచుకున్నవాడికి ఇంజన్లంటే ఇష్టమని అర్థం, అంతే. వ్యవసాయం చేసుకునేవాడు కూడా కొని ఉండొచ్చు. మూత లోపల ఇరవై ఏళ్ళు, పాతికేళ్ళు అని రాసుంటే అది బంగారు పూత ఎన్నాళ్ళుంటుందనే హామీ, వాచీ వయసు కాదు, పాపం చాలామంది అలా మోసపోతారు.

మిషన్ నంబరే జాతకం. ఆ నంబరు పెడితే ఏ ఏడాది ప్రాంతంలో తయారైంది, ఏ గ్రేడు, ఎన్ని రాళ్ళు (అదే, జ్యువెల్స్), మొత్తం చెప్పే పట్టికలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. గ్రేడు అంటే 992 లాంటి అంకె అయినా కావచ్చు, వాన్‌గార్డ్, బన్ స్పెషల్, వెరిటాస్, బి.డబ్ల్యూ. రేమండ్ లాంటి పేరైనా కావచ్చు. రేమండ్ అంటే ఎల్జిన్ కంపెనీ మొదటి ప్రెసిడెంటు, షికాగో మేయరుగా కూడా చేశాడు. 1867 లో ఎల్జిన్ అమ్మిన మొదటి వాచీ మీద ఆయన పేరే. ఆ వాచీ నంబరు 1 కాదు, 101. ఎందుకంటారా, ఒకటో నంబరు వాచీ కొనడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది!

మీ 992 ని హామిల్టన్ 1903 నుంచి చేసింది, 16 సైజు, 21 రాళ్ళు, దాదాపు అన్నీ లివర్ సెట్టే. దాని తర్వాత 1940 లో 992 బి వచ్చింది, అది 1969 దాకా నడిచింది, బి వాటి నంబరు ముందు సి అనే అక్షరం ఉంటుంది. మీది ఒకటితో మొదలయ్యే ఏడంకెలు, అక్షరం లేదు కాబట్టి పాత 992. రైల్‌రోడ్ గ్రేడు అవునా కాదా అనే ప్రశ్నే లేదు, రైలు డ్రైవర్ల జేబుల్లో ఎక్కువ తిరిగిన వాచీల్లో ఇదొకటి.

గుంతకల్_గార్డుగారి_మనవడు | #8

శాస్త్రిగారూ, రైల్‌రోడ్ గ్రేడు అంటే ఖచ్చితంగా ఏంటండీ? ప్రభుత్వం ముద్ర వేసేదా?

టిక్‌టిక్_శాస్త్రి | #9

ముద్ర లేదు. ఇక్కడ రెండు మాటలు కలిపేస్తారు. రైల్‌రోడ్ గ్రేడు అంటే ఆ నాణ్యతలో చేసినది. రైల్‌రోడ్ అప్రూవ్డ్ అంటే ఫలానా రైల్‌రోడ్ కంపెనీ, ఫలానా సంవత్సరంలో, డ్యూటీలో వాడుకోవచ్చని లిస్టులో పెట్టినది. లిస్టు కంపెనీకొకటి, కాలానికొకటి. 1893 నాటికి 17 రాళ్ళుంటే చాలన్నారు, పోను పోను 19, 21 అడిగారు. పాతవి అప్పటికే జేబులో ఉన్నవాళ్ళని చాలా చోట్ల వాడుకోనిచ్చారు. అందుకే ఇది రైల్‌రోడ్ వాచీయేనా అంటే ఏ ఊర్లో ఏ ఏడాది అని ఎదురడగాలి.

మామూలుగా ఏం అడిగేవారంటే, మూత లేని ముఖం, అంటే తెరవకుండానే టైమ్ కనపడాలి. 16 గానీ 18 గానీ సైజు. కీ 12 దగ్గర ఉండాలి. తెల్ల డయల్ మీద లావు నల్ల అరబిక్ అంకెలు, రోమన్ అంకెలు తర్వాత్తర్వాత ఒప్పుకోలేదు. లివర్ సెట్. కనీసం ఐదు పొజిషన్లలో సరిచేసి ఉండాలి, అంటే ముఖం పైకి, ముఖం కిందికి, కీ పైకి, కీ ఎడమకి, కీ కుడికి, ఎలా పెట్టినా ఒకేలా నడవాలి. 34 నుంచి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా చలికీ వేడికీ తట్టుకోవాలి. వేగం సరిచేసే సన్న మర ఉండాలి. ఇన్ని ఉండి వారానికి 30 సెకన్లకి మించి తేడా రాకూడదు, రోజుకి నాలుగు సెకన్లు అనుకోండి. స్ప్రింగుతో, చేత్తో కీ ఇస్తే, నూరేళ్ళ కిందట.

బెజవాడ_బండోడు | #10

మా ఇంట్లో గోడ గడియారం బ్యాటరీది, రోజుకి నాలుగు నిమిషాలు. దాన్ని ఏ గ్రేడు అంటారు శాస్త్రిగారూ

నా అసలు ప్రశ్న వేరే. 21 రాళ్ళు కెంపులే కదా, పీకి అమ్మితే 140 డాలర్లు వస్తాయా?

స్ప్రింగు_సుజాత | #11

పీకి అమ్మితే టీ ఖర్చు కూడా రాదు. చిటికెడు రాళ్ళు, అవి అందానికి కాదు, ఇరుసు తిరిగే గుంటలు. లోహంలో లోహం తిరిగితే అరిగిపోతుంది, రాయిలో అయితే అరగదు, నూనె కూడా నిలుస్తుంది.

లెక్క చెప్తా, ఇది తెలిస్తే దొంగ వాచీ పట్టుకోవచ్చు. 7 రాళ్ళ వాచీ అంటే బ్యాలెన్స్ ఇరుసుకి రెండు చివరలా రెండు గుంట రాళ్ళు, వాటి మీద మూత రాళ్ళు రెండు, నాలుగయ్యాయి. బ్యాలెన్స్ కింద తన్నే రాయి ఒకటి, ప్యాలెట్, అంటే పళ్ళ చక్రాన్ని ఒక్కో పన్నూ ఆపి వదిలే చిన్న మీట, దాని రాళ్ళు రెండు, ఏడు. దానికి ప్యాలెట్, ఎస్కేప్ చక్రం (ఆ పళ్ళ చక్రమే), ఇంకో రెండు చక్రాలకి పైనా కిందా వేస్తే ఎనిమిది కలిసి 15. నడిమి చక్రానికి రెండు, 17. ప్యాలెట్‌కీ ఎస్కేప్ చక్రానికీ మూత రాళ్ళు నాలుగు, 21. స్ప్రింగు డబ్బాకి రెండు వేస్తే 23. అంటే ప్రతి రాయికీ ఒక ఉద్యోగం ఉంటుంది.

ఇప్పుడు తమ్ముడి ఇంజను వాచీ ఫోటో పెద్దది చేసి చూడండి. పలక మీద పెద్ద పెద్ద ఎర్ర రాళ్ళున్నాయి, రెండింటి కింద అసలు ఇరుసే లేదు. ఉద్యోగం లేని రాళ్ళు! ప్యాలెట్ దగ్గర ఎర్ర రాయి ఉండాల్సిన చోట రెండు ఉక్కు పిన్నులు నిలబడి ఉన్నాయి. అంటే చవక రకం మిషన్. 21 జ్యువెల్స్ అని అక్షరాలు మాత్రం 21 రాళ్ళంత పెద్దవి. అమెరికా వాచీలకి పేరు రాగానే స్విట్జర్లాండ్ నుంచి ఇలాంటి పోలిక వాచీలు బోలెడు దిగాయి, ఇంజను బొమ్మ, రైల్వే అనే మాట, లేని రాళ్ళు. కీ లాగితే టైమ్ మారుతోందా తమ్ముడూ అందులో?

కొలంబస్_కుర్రోడు | #12

మారుతోంది అక్కా. చక్కగా మారుతోంది. అందుకే ఇదే మంచిదనుకున్నా.

బెజవాడ_బండోడు | #13

అల్లుడి నోట్లో శని అంటే ఇదే. పెళ్ళికొడుకు అనుకున్నోడు తోడు పెళ్ళికొడుకయ్యాడు.

కాజీపేట_ఎస్ఎమ్_రిటైర్డ్ | #14

నమస్తే. నేను స్టేషన్ మాస్టర్ జేసి రిటైరైన. మీరందరు గడియారాల గురించి మాట్లాడుతుంటె ఊకుండబుద్ధి కాలే. గా అమెరికల వాచీ ఇన్‌స్పెక్టర్లు ఉంటుండిరి అంటున్రు, ఎట్ల మొదలైందో గది జెప్పుండ్రి శాస్త్రిగారు, ఏదో యాక్సిడెంట్ అని విన్న.

టిక్‌టిక్_శాస్త్రి | #15

నమస్కారమండీ, మీలాంటివాళ్ళు వచ్చారంటే థ్రెడ్‌కే కళ.

అది కిప్టన్ ప్రమాదం. ఒహాయోలోనే, క్లీవ్‌లాండ్‌కి పడమర చిన్న ఊరు. 1891 ఏప్రిల్‌లో లేక్ షోర్ అండ్ మిషిగన్ సదరన్ లైన్ మీద ఒక ప్యాసింజరు పక్క పట్టా మీదికి తప్పుకుని ఫాస్ట్ మెయిల్‌కి దారి ఇవ్వాలి. టైమ్ ఉందనుకున్నారు, లేదు. మెయిల్ వచ్చి గుద్దింది, మెయిల్ బండిలో ఉత్తరాలు విడదీసే పోస్టల్ క్లర్కులు చాలామంది పోయారు. ప్యాసింజరు డ్రైవరు వాచీ నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ నడిచిందని చెబుతారు. ఆ తర్వాత క్లీవ్‌లాండ్‌లో నగల వ్యాపారి వెబ్ సి. బాల్‌ని ఆ రైల్‌రోడ్ వాళ్ళు వాచీల చీఫ్ ఇన్‌స్పెక్టరుగా పెట్టుకున్నారు. ఆయన పద్ధతి ఒక్కో రైల్‌రోడ్‌కీ పాకింది. ఉద్యోగి రెండు వారాలకోసారి వాచీ తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టరుకి చూపించాలి, ఎంత తేడా ఉందో కార్డు మీద రాస్తాడు, ఆ కార్డు జేబులో ఉండాలి. ఎక్కువ తేడా ఉంటే వాచీ రిపేరుకి, అందాకా వాడుకోడానికి ఇంకోటి ఇస్తారు. ఇంకో సంగతి, వాచీ కంపెనీ ఇవ్వదు, ఉద్యోగే తన డబ్బులతో కొనుక్కోవాలి. మంచి వాచీ అంటే నెల జీతం పైమాటే కొంతమందికి, వాయిదాల మీద కొనేవాళ్ళు.

అయితే కిప్టన్‌తోనే అన్నీ మొదలయ్యాయని ప్రతి పాత వస్తువుల షాపులో చెబుతారు, అది మాత్రం నేను ఒప్పుకోను. అంతకు ముందే కొన్ని రైల్‌రోడ్లకి సొంత వాచీ తనిఖీలున్నాయి. 1883 నవంబరు 18 న రైల్‌రోడ్లు దేశాన్ని టైమ్ జోన్లుగా విడగొట్టి ఊరూరి సొంత టైముల్ని ఎత్తేశాయి, అసలు సంగతి అక్కడుంది. టైమే ఊరికొకటి ఉన్నప్పుడు ఎంత మంచి వాచీ ఉండి ఏం లాభం. బాల్ గొప్పతనం కొత్తగా కనిపెట్టడంలో కాదు, అందర్నీ ఒక లైన్లో నిలబెట్టడంలో ఉంది. గొప్ప వ్యాపారి కూడా, హామిల్టన్ చేతా వాల్తమ్ చేతా మిషన్లు చేయించి తన పేరు వేసుకుని అమ్మాడు. ఇన్‌స్పెక్టరూ ఆయనే, వాచీ అమ్మేదీ ఆయనే. మన దగ్గర అయితే ఈపాటికి ఎంక్వైరీ కమిషన్ వేసేవాళ్ళు.

కాజీపేట_ఎస్ఎమ్_రిటైర్డ్ | #16

మంచిగ జెప్పిన్రు. మన దగ్గర వేరే కథ. మనకు రోజు సాయంత్రం 16.00 గంటలకు టైమ్ సిగ్నల్ వస్తుండె కంట్రోల్ నుంచి, పెద్ద స్టేషన్లన్నిటికి. జనరల్ రూల్స్‌ల రాసి ఉంటది గది. నాల్గు కొట్టంగనే చేతిల ఉన్న పని ఇడిసిపెట్టి క్లాక్ కలుపుకోవాలె, రిజిస్టర్ల రాయాలె. గార్డు మా క్లాక్ జూసి తన వాచీ కలుపుకుంటడు. గార్డు దగ్గర జెండాలు, లాంతరు, పట్టా మీద పెట్టి పేల్చే పటాకీలు, సీటీతోటి పాటు వాచీ గూడ ఉండాలె, లేకుంటె డ్యూటీ ఎక్కనియ్యరు. అంటె అమెరికోడు ప్రతి మనిషి జేబుల ఉన్న గడియారాన్ని సుద్దం జేసిండు, మనోళ్ళు గోడ మీద క్లాక్‌ను సుద్దం జేసి అందర్ని దానికి గట్టేసిన్రు. నాకైతె గట్ల అనిపిస్తది.

టిక్‌టిక్_శాస్త్రి | #17

ముప్పయ్యేళ్ళుగా ఇవి పోగేస్తున్నాను, ఈ తేడా ఇలా చెప్పినవాళ్ళు లేరండీ. పెన్సిల్వేనియాలో కొలంబియా అనే ఊళ్ళో గడియారాల మ్యూజియం ఉంది, ఈసారి వెళ్ళినప్పుడు మీ మాట చెప్పి వస్తాను.

గుంతకల్_గార్డుగారి_మనవడు | #18

ఇంక నా వంతు. మా తాత ఎం అండ్ ఎస్ఎం రైల్వేలో గార్డు, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా. 1908 లో రెండు కంపెనీలు కలిసి అయింది అది. ఆయన జేబు వాచీ మా నాయన బీరువాలో ఉంది, వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ అని డయల్ మీద ఉంది, వెనక మూత మీద రైల్వే పొడి అక్షరాలు, ఒక నంబరు కొట్టి ఉన్నాయి. ఇది రైల్‌రోడ్ గ్రేడ్ అవుతుందా? మా చిన్నాయన దీనికి లక్ష వస్తుందని ఎవరో చెప్పారని కూచున్నాడు, నాయన ఇవ్వనంటున్నాడు, ఇంట్లో మాటల్లేవు.

టిక్‌టిక్_శాస్త్రి | #19

అమెరికా లెక్కన కాదు. వెస్ట్ ఎండ్ వాళ్ళు 1880 ల నుంచి బొంబాయిలో ఉన్న కంపెనీ, స్విట్జర్లాండ్‌లో చేయించి ఇక్కడ అమ్మేవారు. మన రైల్వేలకీ పట్టాళాలకీ చాలా వెళ్ళాయి. గట్టి వాచీలే, కానీ ఐదు పొజిషన్లు, 21 రాళ్ళు, లివర్ సెట్ అనే అమెరికా పట్టింపు వాటికి లేదు, చాలావాటికి 15 రాళ్ళు. అయితే ఏంటి? మీ తాతగారిది నిజంగా రైలెక్కింది. ఎన్నో అమెరికా రైల్‌రోడ్ గ్రేడు వాచీలు బ్యాంకు గుమాస్తాల జేబుల్లో తిరిగి రైలు మొహమే చూడలేదు. మూత మీద కొట్టిన ఆ నంబరు రైల్వే ఆస్తి నంబరు అయ్యుంటుంది, ఈ ఒక్క చోట మాత్రం మూత మాట నమ్మండి. పాలిష్ పట్టించొద్దు, అక్షరాలు అరిగిపోతాయి. లక్ష సంగతి నాకొదిలేయండి, మీ ఇంట్లో గొడవకి నేను రాను.

స్ప్రింగు_సుజాత | #20

ఒక హెచ్చరిక. ఇప్పుడు మన బజార్లలో ఇత్తడి జేబు వాచీలు, రైల్వే అక్షరాలు కొట్టి, పాత రంగు పూసి అమ్ముతున్నారు, తాత వాచీ అని. లోపల కొత్త మిషన్. అక్షరాలు చేత్తో వంకరగా కొట్టినట్టుండి, మూత మీద ఎక్కడా జేబు అరుగుడు లేకుండా అక్షరాల గుంటల్లో మాత్రం నల్లగా ఉంటే వదిలెయ్యండి. నిజంగా జేబులో తిరిగినదానికి అంచులూ గొలుసు తగిలించే కొక్కెమూ ముందు అరుగుతాయి.

ఇంకోటి. ముఖం మీద కూడా మూత మూసుకునే వాచీ, అంటే హంటర్ రకం మిషన్‌ని తెచ్చి ముఖం మీద మూత లేని కేసులో బిగిస్తే కీ 3 దగ్గరకొస్తుంది, సెకన్లు 6 దగ్గరే ఉంటాయి. దీన్ని సైడ్‌వైండర్ అంటారు, కీ పక్కకి ఉన్నదని. చూడ్డానికి రైల్‌రోడ్ వాచీలాగే ఉంటుంది, డ్యూటీకి ఒప్పుకోరు. హామిల్టన్‌లో 992 ముఖం మీద మూత లేనిది, 993 ముఖం మీద మూతున్నది, లోపలంతా అన్నదమ్ములే.

కొలంబస్_కుర్రోడు | #21 | మూడు వారాల తర్వాత

అందరికీ అప్‌డేట్. ఇక్కడ ఒక ముసలాయనకి ఇచ్చాను, ఇంట్లోనే పని చేస్తాడు. విప్పి, కడిగి, నూనెలు వేసి, మెయిన్ స్ప్రింగు మార్చాడు, పాతది నీలం ఉక్కుది అలసిపోయి సాగిపోయిందట. 210 డాలర్లు అయింది, వాచీ కన్నా ఎక్కువ, మా ఆవిడకి 110 అని చెప్పాను, ఇక్కడ తెలుగు చదివేవాళ్ళెవరూ ఆవిడకి చెప్పకండి.

బ్యాలెన్స్ ఇరుసు బానే ఉందన్నాడు, కింద పడితే మాత్రం విరుగుతుందట, ఇప్పటి చేతి వాచీల్లాగా షాక్ తట్టుకునే ఏర్పాటు లేదట. ఫోన్ పక్కన స్పీకర్ పక్కన పెట్టొద్దన్నాడు, అయస్కాంతం పడితే పరుగెత్తుతుందని. రోజూ పొద్దున్నే ఒకే టైముకి కీ ఇమ్మన్నాడు. వారం చూశాను, మొత్తం 19 సెకన్లు ముందుకెళ్ళింది. వారానికి 30 లోపు! పరీక్ష పాసైనట్టు ఉంది నాకైతే.

ఒకటే బాధ. మూత తీసి చూపిస్తూ ఆయన అన్నాడు, ఇది దీని పుట్టింటి మూత కాదు అని. మిషన్‌ని బిగించే మరలు మూత అంచు మీద నొక్కుకుని గుర్తు పడతాయి కదా, ఇందులో రెండు జతల గుర్తులున్నాయి. ఒక జత ఖాళీగా ఉంది. అంటే ముందు ఇంకేదో వాచీ ఈ మూతలో ఉండేది.

టిక్‌టిక్_శాస్త్రి | #22

మరల గుర్తులు చూడాలని మొదట్లోనే చెప్పాల్సింది, మర్చిపోయాను, నాదే తప్పు. కొనేముందు భూతద్దంతో చూడాల్సిన మొదటి చోటు అదే.

బాధపడకండి. కొందరు మూత మారితే సగం విలువ పోయినట్టు మాట్లాడతారు, నేనలా అనుకోను. వాచీ షాపులోనే రెండు చేతుల పని అయినప్పుడు, బంగారం ధర పెరిగినప్పుడల్లా బంగారు మూతలు కరిగించి మిషన్లు డబ్బాల్లో పారేసినప్పుడు, మీ 992 కి ఎవరో ఒక పాత మూత తొడిగి బతికించారు. అమ్మేటప్పుడు మాత్రం మూత మారిందని చెప్పి అమ్మండి.

స్ప్రింగు_సుజాత | #23

నేను ఒప్పుకోను శాస్త్రిగారూ. డయల్, ముళ్ళు, మూత అన్నీ ఒక్కోటిగా మారుస్తూ పోతే చివరికి ఏది అసలు? 992 మిషన్ ఎక్కడైనా దొరుకుతుంది, మొదటి మూతతో, మొదటి డయల్‌తో ఉన్నది దొరకడమే కష్టం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అది పట్టించుకోకపోతే అమ్మేవాళ్ళు ఇంకా కలగాపులగం చేస్తారు. తమ్ముడి వాచీ మంచిదే, 140 కి అదృష్టమే, అది వేరే సంగతి.

టిక్‌టిక్_శాస్త్రి | #24

ఈ విషయంలో మనం నాలుగేళ్ళుగా ఒప్పుకోవట్లేదు, ఇవాళ మాత్రం ఎందుకు ఒప్పుకుంటాం.

బెజవాడ_బండోడు | #25

ఇంజను వాచీ ఏం చేశావ్ తమ్ముడూ

కొలంబస్_కుర్రోడు | #26

మా వాడికిచ్చాను, ఆరేళ్ళు. కీ లాగితే టైమ్ మారుతుంది కదా, రోజుకి నలభై సార్లు మారుస్తున్నాడు. ఇంట్లో ఎప్పుడూ భోజనం టైమే.

గుంతకల్_గార్డుగారి_మనవడు | #27

మా నాయనని ఒప్పించి ఇవాళ వెనక మూత తెరిపించాను, ఇక్కడి వాచీ మాస్టారు తెరిచాడు, నేను ముట్టుకోలేదు. మూత లోపలి వైపు సూదితో గీసినట్టు చిన్న చిన్న రాతలున్నాయి, ఏడు ఉన్నాయి, తేదీలు. ఆయన చెప్పాడు, రిపేరు చేసినోళ్ళు అలా గీసుకుంటారట, ఎప్పుడు విప్పారో గుర్తుకి. ఆరు ఇంగ్లీషు అంకెలే. ఒక్కదానికి మాత్రం తేదీ పక్కన తెలుగులో వె అని ఒక్క అక్షరం ఉంది, గీత కూడా సరిగా పడలేదు. 1951. తాత అప్పుడు డ్యూటీలోనే ఉన్నాడు. ఫోటో పెడుతున్నా, గుంతకల్లులో స్టేషన్ దగ్గర అప్పట్లో వాచీ పని చేసిన వెంకటయ్యో వెంగన్నో ఎవరైనా మీ పెద్దాళ్ళకి గుర్తుంటే చెప్పండి.

కాజీపేట_ఎస్ఎమ్_రిటైర్డ్ | #28

మా దోస్తులు గుంతకల్ డివిజన్‌ల చేసినోళ్ళు ఇద్దరున్నరు, ఫోన్ జేసి అడుగుత. ఒకాయనకు తొంభై దాటినయి, సాయంత్రం నాల్గు గంటల తర్వాతనె మాట్లాడుతడు.